పలుకుబడికి మార్కులు

కృపానందం గారి ఉద్యోగం పోయింది ఒక్క అంకె వల్ల. పోగొట్టిన వాళ్ళ గురించి నా నోటికి మంచి మాట రాదు. నా గురించీ రాదు.

పొలం పనులు చేసుకునే ఇంట్లో పుట్టి, మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని, ఎం.ఏ. ఎకనామిక్స్ పాసైన మనిషి. విజయవాడలో మా ప్రైవేటు కాలేజీలో ఏడేళ్ళుగా టెంపరరీ లెక్చరరు. వేసవి సెలవలకి తీసేసేవారు, జులైలో మళ్ళీ చేర్చుకునేవారు. పర్మనెంటు ఆర్డరు కోసం ఆయనా, ఆయన భార్య ఆదెమ్మ గారూ కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశారు.

1974లో ఎక్కడో విదేశీ యూనివర్సిటీ నుంచి రెండు ఫారాలు వచ్చాయి. పద్నాలుగు దేశాల్లో ప్రైవేటు కంపెనీలకి ప్రభుత్వం మీద ఎంత ఇన్‌ఫ్లుయెన్స్ ఉందో కొలుస్తారట. ఊరికి ఇద్దరు లెక్చరర్లు తమ ప్రాంతంలోని పెద్ద కంపెనీకి సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేసి, కారణాలు రాసి, కాలేజీ సీలుతో పంపాలి. మనిషికి జ్వరం చూసినట్టు దేశాలకి చూస్తారన్నమాట. ఎంత తెలివో! ఒక ఫారం కృపానందం గారికిచ్చారు. రెండోది పాలిటిక్స్ చెప్పే నాకు. నేనూ టెంపరరీయే.

మా ప్రాంతంలో పెద్ద కంపెనీ అంటే ఇబ్రహీంపట్నం రోడ్డులో పురుగుమందుల ఫ్యాక్టరీ. దాని యజమాని అంకమ్మరావే మా కాలేజీ కమిటీకి అధ్యక్షుడు. గవర్నర్‌పేటలో బట్టల కొట్టుతో మొదలై, మంత్రుల భుజాల మీద చెయ్యి వేసే దాకా ఎదిగిన ఘనుడు.

కృపానందం గారు పదిహేను రోజులు సైకిలు మీద ఊళ్ళు తిరిగారు. వరికి దోమ పట్టినప్పుడు ఆఫీసర్లు ఎక్కడికక్కడ ఆ ఒక్క కంపెనీ మందే కొట్టమన్నారనీ, వేరే మందు చెప్పిన ఆఫీసరుకి నెల తిరక్కుండా బదిలీ అయిందనీ పేజీ నిండా రాశారు. అయిదు మార్కులు వేశారు.

అంకమ్మరావు ఓ రోజు కాలేజీకొచ్చి, ఆ ఫారాలేమిటని అడిగాడు. ఇన్‌ఫ్లుయెన్స్ అంటే పలుకుబడి అని తెలుగులో చెప్పిన మహానుభావుణ్ణి నేనే.

"ఎంతేశారు మాస్టారూ మనకి?" అన్నాడు కృపానందం గారితో.

"అయిదండీ."

"శెభాష్! తక్కువేస్తే మన ఊరికే చిన్నతనం. ఏమండీ ప్రిన్సిపాల్ గారూ, ఈయన్ని పర్మనెంటు చెయ్యలేదా ఇంకా? ఆర్డరు టైపు చేయించండి."

కృపానందం గారు ఏదో చెప్పబోయారు. అంకమ్మరావు వినిపించుకోకుండా కారెక్కేశాడు.

మర్నాడు ప్రిన్సిపాల్ సంజీవరావు సీలు వెయ్యబోతూ ఆ కారణాల పేజీ చదివాడు. చదివి, పరుగున వెళ్ళి అంకమ్మరావుకి వివరించాడు: ఈ తెల్లవాళ్ళ లెక్కలో పలుకుబడి గొప్ప కాదు, రోగం, అయిదంటే ముదిరిందని.

"అయితే సున్నా పెట్టించండి," అన్నాడట అంకమ్మరావు.

సంజీవరావు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. టైపు చేసిన ఆర్డరు బల్ల మీద ఉంది, సంతకం లేదు.

"ఒక్క అంకె దిద్దండి కృపానందం గారూ. మీ సొమ్మేం పోయింది?"

"చూసింది రాశానండీ. సీలు వెయ్యకపోతే మానెయ్యండి, నేనే పోస్టు చేసుకుంటాను."

అలాగే చేశారు. ఆయన మొండితనం మీద ఒళ్ళు మండింది నాకు, నా పిరికితనం బయటపడుతున్నందుకు. వారం తిరక్కుండా ఆయన్ని తీసేశారు. ఈయన మా అధ్యాపకుడు కాడని ఆ యూనివర్సిటీకి ఉత్తరం కూడా రాశారు. నేను పర్మనెంటయ్యాను.

మూడేళ్ళకి ఆ యూనివర్సిటీ వాళ్ళు అచ్చేసిన పుస్తకం కాలేజీకొచ్చింది. పద్నాలుగు దేశాల పట్టికలు, నున్నటి కాగితం. విజయవాడకి ఎదురుగా సున్నా. కింద చిన్న అక్షరాల్లో: అయిదు మార్కులు వేసిన ఫారం, పంపిన వ్యక్తి కాలేజీ ఉద్యోగంలో లేనందున లెక్కలోకి తీసుకోలేదు.

పుస్తకం పట్టుకుని పటమటలో ఆయనింటికి వెళ్ళాను. ట్యుటోరియల్లో పాఠాలు చెప్పి చెప్పి ఆయన గొంతు బొంగురుపోయింది. కూర్చోబెట్టి, లోపలికి కాఫీ పురమాయించి, కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ రెండుసార్లు చదివారు.

"సున్నా వేసిందెవరండీ?"

"నేనేనండీ."

ఆయన పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టారు.

"ఆదెమ్మా, కాఫీ వద్దులే. ఈయన వెళ్తున్నారు," అన్నారు.