జంపఖానా వెనక వైపు

వరంగల్ కొత్తవాడలోని మా పుట్టింట్లో ముందు గదినంతా మగ్గమే ఆక్రమించుకుని ఉంటుంది. అమ్మ పోయాక బాపు ఒక్కడే. నడుము వంగదు, చూపు ఆనదు. అయినా వడ్రంగిని పిలిచి మగ్గం తీసేద్దామంటే ఒప్పుకోడు. "పట్నంల మన జంపఖానాలకు ఇంకా గిరాకి ఉన్నది బిడ్డా" అంటాడు. నాలుగేళ్లుగా ఇదే గొడవ. సుబేదారిలో మా ఇంటి నుంచి వెళ్లిన ప్రతిసారీ నేను నోరు పారేసుకునే వచ్చేదాన్ని.

పోయిన చలికాలం కంటి దవాఖానకని ఆయన్ని హైదరాబాద్ తీసుకెళ్లాను. పని తొందరగా తెమిలింది. మూసీ వంతెన దాటి పాతబస్తీకి పోయాం. బాపు బిస్కెట్లు ముంచుకుంటూ రెండు ఇరానీ చాయ్‌లు తాగాడు. నాకు లక్కగాజులు తానే ఏరాడు, కళ్లకు దగ్గరగా పెట్టుకుని మరీ. మేమిద్దరం కొట్లాడుకోకుండా ఒక పూట గడిపి ఎన్నాళ్లయిందో.

ఒక దుకాణం మీద 'వరంగల్ చేనేత' అని బోర్డు ఉందని నేనే చదివి చెప్పాను. చూశావా అన్నట్టు నా వైపు తిరిగాడు. లోపలికి పోయి ఒక జంపఖానా అందుకుని అలవాటుగా తిరగేశాడు. మావాళ్లు పెళ్లికి పోయినా సరే, పరిచిన జంపఖానా అంచు మడిచి చూడనిదే కూర్చోరు. చేత్తో నేసిందైతే రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది. ఇది వెనక తెల్లగా ఉంది. మిషన్ బట్ట మీద అచ్చేసిన పువ్వులు.

"ఎనక ఏం చూస్తవ్ తాతా? పరిస్తే అది కిందికే పోతది కదా" అని నవ్వాడు దుకాణదారు.

నాకు ఒళ్లు మండింది. ముందు ఆ బోర్డు పీకెయ్యమని అరవబోయాను. ఇంతలో పక్కన బేరమాడుతున్న ఒకామె బాపునే అడిగింది. "పెద్దాయనా, మీకు తెలిసినట్టుంది. మంచిదేనా ఇది?"

బాపు పువ్వులు పైకి వచ్చేట్టు దాన్ని మడతపెట్టాడు. "మంచిగున్నదమ్మా. తీసుకో."

బయటికి రాగానే నిలదీశాను. "గట్లెందుకు చెప్పినవ్ బాపూ?"

"ఆమెకు పువ్వులు నచ్చినయి. ఇంకేం చెప్పాలె?"

రైల్లో నేను కొనిచ్చిన పల్లీలు బాపు ముట్టలేదు. వరంగల్ స్టేషన్లో సంచి అందుకుంటూ అన్నాడు. "రేపు వడ్లాయనను పిలువు బిడ్డా. మగ్గం ఇప్పేద్దాం."

ఆ మాట కోసమే నాలుగేళ్లు పోరాను. తీరా వినేసరికి అడ్డం పడ్డాను. "తొందరేమున్నది బాపూ? జర ఆగరాదా?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వే కదా బిడ్డా, తియ్యి తియ్యి అన్నది."

అవును. నేనే అన్నాను.