వెనక టైరు కింది రాళ్లు

నలభై ఏళ్లకు పైగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. కట్టుకున్నదానికి చెప్పలేదు. మహానంది గుడికి పోయినప్పుడు దేవుని ముందు నిలబడి కూడా చెప్పలేదు. ఆయనకు తెలిసే ఉంటుందిలే అని తప్పించుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో తడబడితే ఓర్చుకోండి, ఈ పని నాకు కొత్త.

నేను లారీ తోలి బతికినవాణ్ణి. నంద్యాలలో ఒక సెట్టి గారి బియ్యం మిల్లులో పని. నా చేతికిచ్చిన బండి అప్పటికే ముసలిది. ఎప్పుడో ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన రకం. ఇప్పటి లారీల్లా మొహం చదునుగా ఉండదు. ఇంజను ముందుకు పొడుచుకొచ్చి, దాని మీద గుండ్రటి రేకు మూత, అటూ ఇటూ కప్ప కళ్లలాంటి లైట్లు. ఊళ్లో అందరూ ముక్కు లారీ అనేవాళ్లు. సెల్ఫు పనిచేయదు. ముందు నిలబడి ఇనుప హ్యాండిలు తిప్పితేనే ఇంజను లేచేది. అది వెనక్కి తన్నిందంటే మణికట్టు విరగాల్సిందే. హ్యాండుబ్రేకు పేరుకే. అందుకని ఎక్కడ ఆపినా వెనక టైర్ల కింద రెండు రాళ్లు పెట్టాలి. బండి కదిలాక క్లీనరు ఆ రాళ్లు తీసి రోడ్డు పక్కన పడేసి, పరిగెత్తి వచ్చి ఎక్కాలి. లారీ పనిలో చేరిన రోజే ఎవరైనా నేర్పేది అది. గేర్లు మార్చే డబుల్ క్లచ్ కూడా దాని తర్వాతే.

ఆ బండంటే నాకు ప్రాణం. దాని గురించి ఇంకో గంట చెప్పగలను. దాని రొద రెండు వీధుల అవతల నుంచే గుర్తుపట్టి మా ఆవిడ పొయ్యి మీద ఎసరు పెట్టేది. చెప్పుకుంటూ పోతే అసలు సంగతి దాటేస్తానని తెలుసు. ఇన్నేళ్లూ చేసింది అదే కదా. ఎవరైనా పాత లారీల సంగతులు అడిగితే నవ్విస్తూ అన్నీ చెబుతాను, ఆ ఒక్క రోజు తప్ప.

మద్దిలేటి గురించి చెప్పాలి. నంద్యాలలో ఆ ఇంగ్లండు బండ్లకు ఉన్న ఒకే ఒక్క మెకానిక్కు. వాటి నట్టులు ఇంచీ లెక్కలో ఉంటాయి, మామూలు పానాలు పట్టవు. ఆ ఇంచీ పానాలు పూర్తి సెట్టు ఆయన దగ్గరే ఉండేది. గుడ్డలో చుట్టి పెట్టుకునేవాడు. దొరకని సామాను ఆయనే చేతితో చేసేవాడు. పాత ట్యూబు కోసి రబ్బరు వాషర్లు, రేకు కత్తిరించి సందుల్లో పెట్టే షిమ్ములు. నాకంటే పదేళ్లు పెద్ద. నోటి దురుసు, చేతి మంచితనం. తాగేవాడు, అది దాచడానికేం లేదు. సాయంత్రమైతే షెడ్డు మూసి పోయేది సారా అంగడికే. అలాంటిది, భార్య నరసమ్మను వెంటబెట్టుకుని మహానంది పోయి, ఇక ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆరు నెలలు నిలబడ్డాడు. ఆ ఆరు నెలల్లో మనిషి ఒళ్లు చేశాడు. మేమంతా ఆటపట్టించేవాళ్లం. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

తాగుడు మానినా తాగుబోతు సామాను ఒకటి మాత్రం ఆయన దగ్గర మిగిలింది. ఖాళీ బ్రాందీ సీసాలు. వాటిలో బ్రేకు ఆయిలు పోసి పెట్టేవాడు. మూత బిగుతుగా ఉంటుంది, జేబులో పడుతుంది, చుక్క కారదు. ఆయన దగ్గర బ్రేకు పని చేయించుకున్న ప్రతి డ్రైవరుకీ ఆ సంగతి తెలుసు. మిగతా ఊరికి తెలియదు.

ఆ రోజు ఆళ్ళగడ్డలో ఒక పెళ్లింటికి బియ్యం తోలుతున్నాను. మరునాడు భోజనాలు. క్లీనరుకు జ్వరం వచ్చి రాలేదు, ఒక్కణ్ణే బయల్దేరాను. శిరివెళ్ల దాటాక చిన్న మిట్ట ఎక్కుతుంటే బ్రేకు పెడలు దబ్బున నేలకు తగిలింది. వెనక చక్రం దగ్గర వాషరు చిరిగి ఆయిలంతా కారిపోయింది. గేర్లు తగ్గించి, ఇంజను ఆపి గేరులోనే బండి నిలబెట్టి, పక్క నుంచి రెండు పెద్ద రాళ్లు తెచ్చి టైర్ల వెనక పెట్టాను. ఒక్కణ్ణే ఆ పని ఎలా చేశానో నాకిప్పటికీ ఆశ్చర్యమే. నంద్యాల వైపు పోతున్న ఒక పరాయి ఊరి లారీని ఆపి, సిగరెట్టు పెట్టె అట్ట మీద చీటీ రాసిచ్చాను. బ్రేకు ఆయిలు, వాషరు తీసుకుని బేగ రమ్మని మద్దిలేటికి. షెడ్డు రోడ్డు పక్కనే, ఇచ్చి పొమ్మన్నాను.

మూడు గంటలు చూశాను. ఎండ తగ్గింది. పెళ్లింటివాళ్లు కళ్ల ముందు మెదిలారు. అప్పుడు మద్దిలేటే నేర్పిన ఉపాయం ఒకటి గుర్తొచ్చింది. కారే చక్రం గొట్టాన్ని కటింగు ప్లేయరుతో నలిపి మూసేస్తే మిగతా మూడు చక్రాలకు బ్రేకు పడుతుంది. ఆయిలు లేకపోతే ఆముదం పోయవచ్చు. రబ్బరుకు ఆముదం పడుతుంది, ఇంజనాయిలు పోస్తే మాత్రం ఉబ్బి చెడిపోతుంది అని ఆయన వందసార్లు చెప్పాడు. పక్క ఊళ్లో ఒక ఇంట్లో అడిగి గ్లాసుడు ఆముదం తెచ్చి పోశాను. పెడలు కొంచెం నిలబడింది. సంబరపడ్డాను. హ్యాండిలు తిప్పాను, ఇంజను లేచింది. ఎక్కి గేరు వేశాను. బండి కదిలింది.

రాళ్లు రోడ్డు మీదే ఉండిపోయాయి.

మరిచిపోయానని చెప్పుకోవాలని ఎన్నిసార్లు అనుకున్నానో. మరిచిపోలేదు. అద్దంలో చూశాను. నల్లటి తారు మీద రెండు రాళ్లు, మధ్యలో లారీ వెడల్పు ఖాళీ. దిగాలంటే మిట్ట మీద ఆపాలి. ఆపితే ఇంజను ఆగిపోవచ్చు, మళ్లీ రాళ్లు, మళ్లీ హ్యాండిలు, ఒక్కణ్ణే. ఇవన్నీ నిజమే. కానీ మిట్ట దాటాక చదును ఉంది. అక్కడ ఆపి నడిచి వెనక్కి రావచ్చు. ఎంత దూరం? రెండు నిమిషాలు. ఎవరో ఒకరు తీస్తారులే అనుకున్నాను. బద్ధకమా? తొందరా? బండి లేచిందన్న పొగరా? మద్దిలేటి బయల్దేరి ఉంటాడన్న ఆలోచన అప్పుడు నాకు వచ్చిందా రాలేదా? వచ్చిందనే భయం.

మరునాడు పొద్దున ఖాళీ బండితో తిరిగి వస్తుంటే ఆ మిట్ట దగ్గర పదిమంది గుమిగూడి ఉన్నారు. శవాన్ని అప్పటికే తీసుకుపోయారు. వంకర పోయిన మద్దిలేటి మోపెడ్ ఉంది. గుడ్డ ఊడి ఇంచీ పానాలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. బ్రాందీ సీసా పగిలి గాజుపెంకులు. “దీపాలు పెట్టే యాళకు పడినాడంట. ఫుల్లుగా తాగిన్యాడు,” అని ఎవరో అన్నారు. సీసా చూసి అందరూ అదే అన్నారు. సీసాలోది మట్టి పీల్చేసుకుంది. నా కాళ్ల దగ్గర నా రాయి. దాని మీద గ్రీజు చేతి ముద్ర, నా నాలుగు వేళ్లు. రెండో రాయి కొంచెం అవతల. ఎవరూ వాటి వైపు చూడలేదు. మన రోడ్ల మీద రాళ్లు ఎవరు చూస్తారు? జనం చెదిరేదాకా రేడియేటరులో నీళ్లు పోస్తున్నట్టు నటించి, రెండింటినీ ఎత్తుకుపోయి కాలువలో వేశాను.

వారం తర్వాత నరసమ్మ మిల్లు దగ్గరికి వచ్చింది. గేటు లోపలికి రాలేదు. నన్ను బయటికి పిలిపించింది.

“అప్పా, ఊర్లో అందరూ ఒగటే మాట అంటాండారు. నువ్వన్నా నిజం చెప్పు. ఆ సీసా యాడిది? మల్లా మొదులుపెట్టినాడా ఆ మనిషి?”

“నాకేం తెల్సు మా. నేను ఆ పొద్దు ఆళ్ళగడ్డలో ఉంటి.”

“నీ బండికేమన్నా రమ్మంటివా?”

“ల్యా.”

అంతే. లేదన్న ఒక్క మాట. అవునంటే నా బండి ఎక్కడ ఆగిందని అడుగుతారు. ఎక్కడ ఆగిందో చెబితే రాళ్లు బయటికొస్తాయి. ఆ క్షణంలో అంత లెక్క వేసిన బుద్ధి, అద్దంలో చూసినప్పుడు ఎక్కడికి పోయింది? ఆమె కొంగు భుజాన కప్పుకుని, “దేవుని ముందర ఒట్టేసి తప్పినాడు. నాకు మొగుడే కాడు పో,” అని వెళ్లిపోయింది.

ఆ మాట మీదే ఆమె బతికింది. ఇద్దరు ఆడపిల్లలను ఇడ్లీలు అమ్మి పెంచింది. మొగుడు చచ్చిపోయిన రోజు ఏటా వస్తే పటం ముందు దీపం పెట్టదని, పటమే గోడకు తగిలించలేదని మా ఆవిడ చెప్పేది. పిల్లలు అడిగితే తాగుబోతు కోసం ఏడ్చేదేందని కసిరేదట. నేను వింటూ అన్నం కలుపుకునేవాణ్ణి. రైల్వేస్టేషను దగ్గర ఆమె ఉండే సందులోకి ఆ తర్వాత నలభై ఏళ్లు ఒక్కసారి కూడా పోలేదు. చుట్టు తిరిగి పోయేవాణ్ణి. ముక్కు లారీని సెట్టి గారు పాత ఇనుముకు వేశారు. నేను వేరే బండ్లు తోలాను, తర్వాత మానేశాను. రాళ్లు మాత్రం ఎప్పుడూ పెట్టినవి పెట్టినట్టు తీశాను. ఇతరులు వదిలేసినవి కూడా దిగి తీసేవాణ్ణి. నన్ను చూసి మంచి డ్రైవరు అనేవాళ్లు. ఆ మాట వినడం ఎంత కష్టమో ఎవరికి చెప్పుకోను?

పోయిన నెల పెద్ద రోడ్డు పక్కన కొత్తగా ఒక హోటలు పెట్టారు. ముందర అలంకారానికి ఒక పాత ఇంగ్లండు లారీ నిలబెట్టారు. అదే రకం, అదే ముక్కు. ఎర్రరంగు వేసి మెరిపించారు. పిల్లలు ఎక్కి ఫోటోలు దిగుతున్నారు. నేను సంతోషంగానే దగ్గరికి పోయాను, బానెట్టు మీద చెయ్యి వేశాను. చుట్టూ తిరిగి వెనక్కి పోతే టైర్ల కింద రెండు రాళ్లున్నాయి. సున్నం పూసి, అందంగా. అక్కడే కింద కూర్చుండిపోయాను. ఎవరో నీళ్లిచ్చారు.

మరునాడు పొద్దున నరసమ్మ ఇంటికి పోయాను. తలుపు కొట్టేటప్పుడు అంతా చెప్పాలనే అనుకున్నాను, ఇది నమ్మండి. ముసలిదైపోయింది. నన్ను గుర్తుపట్టింది. కూర్చోకుండానే చెప్పేశాను. ఆ సీసాలో ఉన్నది బ్రేకు ఆయిలు. తెమ్మని చీటీ రాసింది నేను. మద్దిలేటి నా బండి కోసమే వస్తున్నాడు. తాగలేదు. ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను, భయపడి చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

“తాగల్యా?” అంది.

“ల్యా మా. చుక్క ముట్టల్యా.”

“మరి పడిందెట్లప్పా?”

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలియదా? తెలుసు. రాత్రంతా దానికి జవాబు అనుకుంటూనే ఉన్నాను. నోరు తెరిచాను. వచ్చింది మాత్రం వేరే మాట. “పొద్దు గుంకుతాండె కదమ్మా. దావ సరిగ్గా కనపడిండదు,” అన్నాను.

ఆమె తల ఊపింది. లోపలికి పోయి ట్రంకుపెట్టె అడుగు నుంచి పటం తీసింది. కొంగుతో అద్దం తుడిచింది. గోడకు ఆనించి దీపం వెలిగించి, “ఎన్ని మాటలంటి నిన్ను,” అని దాని ముందు కూలబడి ఏడ్చింది. ఆ తర్వాత లేచి వచ్చి నాకు రెండు చేతులూ జోడించింది. “ఈ పొద్దు నా మొగున్ని నాకు తెచ్చిస్తివి. నీ బిడ్డలు సల్లగుండాల,” అంది. నేను ఆ చేతులను ఆపలేదు. ఆపడానికి నాకు చెయ్యి రాలేదు. గడప దాటి బయటికి వచ్చేశాను.

అందుకే ఇది రాస్తున్నాను. మిగతా సగం ఆమెకు చెప్పాలా? చెబితే ఆమెకు మంచిదా, నాకు మంచిదా? ఇప్పుడే వెలిగించిన దీపం ముందు ఇంకో బరువు పెట్టే హక్కు నాకుందా? లేక ఇదీ ఒక సాకేనా, మిట్ట మీద ఇంజను ఆగిపోతుందన్న సాకులాగా? తెలియదు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. క్షమించడానికి మీరెవరు, పోగొట్టుకున్నది ఆమె. ఒక్కసారి ఎక్కడైనా పూర్తిగా చెప్పాలి, అంతే.

రాళ్లు పెట్టింది నేను. అద్దంలో చూసి కూడా దిగనిది నేను. తెల్లారి కాలువలో వేసింది నేను. మద్దిలేటి నా కోసం వచ్చి, నా రాయి తగిలి చచ్చిపోయాడు.

చెప్పాను.