ఎర్రజెండా మామ, మూడు సైరన్లు

మా మేనమామ హనుమంతప్ప బళ్ళారి దగ్గర ఒక రాళ్ళ క్వారీలో ఎర్రజెండా పట్టుకునే మనిషి. పేలుడు వేళ దారిన వెళ్ళేవాళ్ళను ఆపడం, అయిపోయాక వదలడం ఆయన పని. అంతకుముందు పాతికేళ్ళు గనిలో డ్రిల్లింగ్ మిషను నడిపాడు. ఈమధ్య అందరూ నోట్లోనే మాట్లాడుతున్నారని విసుక్కుంటున్నాడట. అత్త నాకు ఫోన్ చేసింది. నేను కర్నూలులో చెవి పరీక్షలు చేస్తాను. ఆయన ఆసుపత్రి గడప తొక్కడు గనుక, బళ్ళారి పక్కనే సంగనకల్లు కొండ మీద, తడితే మోగే రాళ్ళు చూపించమని వంక పెట్టి బయలుదేరాను.

తెల్లవారి ఐదున్నర బస్సెక్కితే పదికల్లా బళ్ళారి. ఆ రోజు మామకు వారపు సెలవు. బస్టాండు నుంచి ఇద్దరం ఆటోలో వెళ్ళాం, రానూపోనూ ఐదువందలు. చప్పుడు వినడానికి కర్నూలు నుంచి రావాలా, మీ ఇంట్లో బిందెలు లేవా అని డ్రైవరు వేళాకోళమాడాడు.

కొండ మీద నల్లరాళ్ళకు తట్టీ తట్టీ గుంటలు పడ్డాయి. చిన్న రాయితో మెల్లగా తడితే కంచు చప్పుడు. ఆయన్ను అటు తిరిగి నిలబడమని, రెండుసార్లు తట్టి ఎన్ని అని అడిగాను. రెండన్నాడు. దెబ్బలు దగ్గర చేస్తూ పోయాను. నాకు ఇంకా రెండు తెలుస్తుండగానే ఆయన ఒకటే అన్నాడు. మధ్యమెదడులో కొన్ని నాడీకణాలు చప్పుడు మొదలవగానే స్పందిస్తాయి, కొన్ని ఆగగానే. ఆ వేళలు సరిగ్గా అందితేనే మాట మాటగా వినబడుతుంది. చెవి నరం చెడితే వాటికి కబురు చెదిరిపోయి చేరుతుంది. మామకు చప్పుడు వినబడుతోంది, మధ్యలో ఖాళీ వినబడడం లేదు. చెవిలో మిషను పెట్టినా చప్పుడు పెరుగుతుందే గాని ఆ ఖాళీ తిరిగి రాదు.

ఒంటిగంటకు దిగుతుంటే పక్క క్వారీ సైరన్ వెంటవెంటనే మూడుసార్లు మోగింది. మూడు పొట్టివి వస్తే పేలుస్తున్నారని, ఒకటే పొడుగ్గా వస్తే అయిపోయిందని పొద్దున మామే నాకు చెప్పాడు.

“ఒకటే పొడుగు. అయిపాయ, పోదాం పా,” అని దారి మీదికి నడిచాడు.

చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. మూడు వచ్చాయని చెప్పేలోపే నేల అదిరింది. దుమ్ము మీదికొచ్చింది. మామ అక్కడే కూలబడ్డాడు.

“అయితే మొన్న గొర్రెలాయన్ను వదిల్నప్పుడు ఏం మోగిండె పాపా? మీద రాళ్ళు పడినాయని తిడితే, తాగినాడనుకుంటి.”

చెయ్యి పట్టి లేపాను. లేస్తూ ఆయన అన్నాడు. “ఎవరికీ చెప్పొద్దు. ఈ పని పోతే ఈ వయసులో నాకు ఇంగొక కెలసం ఎవరిస్తారు?”

మర్నాడు మామ పనిచేసే క్వారీ ఆఫీసుకు వెళ్ళి చెప్పేశాను. సాయంత్రానికి జెండా వేరే మనిషి చేతికి పోయింది. మామ నాతో మాట్లాడడం మానేశాడు. ఇంట్లో కూడా గోడవైపు తిరిగే కూర్చుంటాడని అత్త చెప్పింది. చేసింది తప్పు కాదని తెలుసు. అయినా ఫోన్ చేసినప్పుడల్లా మామకిమ్మని అత్తను అడుగుతాను.

అటు వెళ్ళేవాళ్ళకు ఒకే మాట. క్వారీ దారిలో జెండా దించి పొమ్మన్నా కదలకండి. పొడుగు సైరన్ మీ చెవులతో విన్నాకే అడుగు వేయండి. జెండా పట్టిన మనిషి ఎంత జాగ్రత్తపరుడైనా సరే. మా మామను మించిన జాగ్రత్తపరుణ్ణి నేను చూడలేదు.