ట్రాక్టరు చుట్టూ ప్రదక్షిణ

తిరువూరు నుంచి మా మామిడితోటకు గడ్డి కోసే మిషను వచ్చింది, మీద కూర్చుని నడిపేది. దించినతను "డ్రైవర్ని పిలవనా మేడమ్?" అన్నాడు. ఒళ్లు మండింది. మిషను ఆయిలు వాసనకు నా తొమ్మిదో ఏడు గుర్తొచ్చింది.

నాన్న రోజూ ట్రాక్టరు చుట్టూ తిరిగి, వంగి చూశాకే స్టార్ట్ చేసేవాడు. అది ప్రదక్షిణ అనుకున్నాను. "ఆడపిల్లవి, నీకెందుకే ట్రాక్టరు?" అని బాబాయి అన్న రోజే, కళ్లు మూసుకుని దణ్ణం పెడుతూ మూడుసార్లు తిరిగి, ఎక్కి తాళం తిప్పాను. గేరులో ఉన్న బండి ఒక్క దూకు దూకి గడ్డివామును గుద్దింది.

నాన్న తిట్టలేదు. "మూడుసార్లు తిరిగావుగా, ఏం చూశావమ్మా?" అన్నాడు. కింద కుక్క పడుకుందా, ఆయిలు కారుతోందా, గేరు న్యూట్రల్లో ఉందా, అన్నీ బాబాయి ఎదుటే చూపించి, "ఇప్పుడు స్టార్ట్ చెయ్యి" అన్నాడు.

ఇవాళ మిషను చుట్టూ ఒక్కసారే తిరిగాను, కళ్లు తెరుచుకుని. ఎక్కి కూర్చున్నాను.

"డ్రైవరు ఎక్కేసింది. మీరు పక్కకు జరగండి."