బెంచీ కింద బోల్టు

ముప్పై ఏళ్ళు స్టీల్ ప్లాంటులో ఇనుప కడ్డీల మీద పగుళ్ళు పట్టుకోవడమే నా ఉద్యోగం. వెంట్రుకంత గీత కూడా నా కన్ను దాటిపోదని పేరు. ఆ గొప్ప ఇంట్లోనూ తెగ చెప్పుకునేవాణ్ణి. అందుకే కళ్ళకి నీటికాసులు వచ్చాయనీ, పోయిన చూపు ఇక రాదనీ డాక్టరు చెప్పినప్పుడు, మా అమ్మాయి దగ్గర ఆ మాట దాచేశాను. నాకు సిగ్గేసింది.

తనేమో నా ఫోన్లో ఓ ఆట పెట్టింది. జియోక్యాషింగట. ఎవరో ఓ చిన్న డబ్బీ దాస్తారు. ఫోన్లో గుర్తు చూసుకుంటూ మనం వెతకాలి, అందులోని కాగితం మీద పేరు రాసి మళ్ళీ అక్కడే పెట్టాలి. జాలరిపేట దగ్గరి చిన్న పార్కులో ఒకటుందని చూపించి, "మీ కంటికి దొరకనిదేముంది నాన్నా!" అంది. కాదనలేకపోయాను.

రెండు ఆదివారాలు వెతికాను. చెట్ల మొదళ్ళు, కుళాయి, జారుడుబల్ల అన్నీ అయ్యాయి. మిగిలింది ఒక్క ఇనుప బెంచీ. దాని మీద ఓ ముసలాయన కాలి బొటనవేలికి వల తగిలించుకుని, చిరుగులు బాగుచేస్తూ కూర్చునేవాడు. పెద్దమనిషిని లేవమంటే ఏం బాగుంటుందని ఊరుకున్నాను.

మూడోవారం ఆయనే అడిగాడు.

"ఏటెతుకుతన్నావు బావూ?"

చెప్పాను. ఎందుకో కళ్ళ సంగతి కూడా చెప్పేశాను. ఆయన వంగి, బెంచీ కింద ఓసారి చెయ్యి పోనిచ్చి నవ్వాడు.

"ఉంది. నాను తీసిచ్చేత్తే నీకేటి మిగుల్తాది? కళ్ళు మూసుకుని తడుము. హార్బర్లో తెల్లారకముందే వలలు బాగుసేత్తాం. మాకు కళ్ళతో పనేటి?"

నడుం పట్టేసినా నేలమీద చతికిలబడి తడిమాను. సముద్రపు గాలికి తుప్పుపట్టిన బోల్టులు వరసగా గరుకుగా తగిలాయి. ఒకటి మాత్రం నున్నగా ఉంది. లాగితే ఊడివచ్చింది, వెనక అయస్కాంతం. ఆ బోల్టే డబ్బీ. దాని తలకాయ తిప్పితే లోపల అగ్గిపుల్లంత కాగితం చుట్ట.

పేరు గీకి, ఆయన్నీ రాయమన్నాను. రాత రాదన్నాడు. వల దారం ముక్క తీసి, నాతో మాట్లాడుతూనే, చేతులవైపు చూడకుండానే ఆ చుట్టకి ముడి వేశాడు.

"ఈ ముడి హార్బర్లో ఎవుడికి సూపించినా నాదని సెప్పేత్తాడు."

ప్లాంటులో ఎంతోమంది పనిమంతుల్ని చూశాను. అలాంటి వేళ్ళు చూడలేదు. ఆయన చేతులు పట్టుకుని దణ్ణం పెట్టాలనిపించింది, పెట్టాను కూడా. "బాగుంది సంబడం!" అని చేతులు లాక్కున్నాడు.

మర్నాడు పొద్దున్న కళ్ళు మూసుకుని చొక్కా గుండీలు పెట్టుకున్నాను. ఒక్కటీ తప్పలేదు. వంటింట్లోకి వెళ్ళి, మా అమ్మాయిని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని నా కళ్ళ సంగతి చెప్పాను.