నేను పెట్టిన టిక్కు

2006లో నేను చిత్తూరులో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. కంప్యూటర్ ల్యాబులో విండోస్ బదులు లినక్సే పెట్టించాలని ప్రిన్సిపాలుతో వాదించి గెలిచింది నేనే.

తనిఖీ బృందం వచ్చిన రోజు ఆ ల్యాబులో నా పాఠం స్లైడ్ల ఫైలు తెరిస్తే తెరనిండా పిచ్చి గుర్తులు వచ్చాయి. ఏ పాఠం తెరిచినా అంతే. ప్రిన్సిపాలు ల్యాబు చూసుకునే మునిరత్నం మీద పడ్డారు.

"ఏమప్పా, ఏం చేసి పెట్టినావు? రేపట్నించి రావద్దు."

అతనిది తాత్కాలిక ఉద్యోగం. తల వంచుకుని నిలబడ్డాడు.

ముందురోజు ఒక స్లైడ్ల ఫైలును పొరపాటున నోట్సు రాసుకునే ప్రోగ్రాంలో తెరిచి, 'ఈ రకం ఫైళ్లన్నీ ఇకపై దీంతోనే' అన్న గడిలో చదవకుండా టిక్కు పెట్టింది నేను. వెనక బృందం, ఎదురుగా పిల్లలు. పారిపోవడానికి దారి లేదు.

"సార్, అది నేను చేసిన పని" అన్నాను చివరికి, టిక్కు సంగతీ చెప్పాను.

మునిరత్నం రైట్ క్లిక్ చేసి స్లైడ్ల ప్రోగ్రాంను మళ్లీ ఎంచుకున్నాడు. పాఠాలు మళ్లీ కనబడటానికి అర నిమిషం పట్టలేదు.

తర్వాత అడిగాను, "నిన్న ఈడ కూర్చునింది నేనేనని తెలుసు గదా, ఎందుకు చెప్పలేదప్పా?"

"మీతో వాదించేది మావల్ల అయ్యే పనా మేడం" అన్నాడు.

నోరున్న మనిషినని అందరూ అంటే మురిసిపోయేదాన్ని. ఆ మాట విన్నాక మురియలేకపోయాను.