ఎడమ కాయిల్ మీద అనుమానం

మా ఆయన ఎల్లస్వామి కంటే ఆయన అనుమానం ఒకరోజు ముందు పుట్టి ఉంటుంది. వరంగల్‌లో మాకు మోటార్ వైండింగ్ షాపు. నెక్కొండ నుంచి కాలిన మోటారు వస్తే రైతు మీద అనుమానం, రాగితీగ వస్తే తూకం మీద, ఏమీ రాని రోజు నా మీద. ఇరవై ఏళ్లుగా ఆయన పక్కనే కూర్చుని చుడుతున్నాను. నా చుట్లు ఆయన మళ్లీ లెక్కపెట్టని రోజు లేదు.

పోయినేడు కాలేజీలో ఫిజిక్స్ పరిశోధన చేసే ప్రేమలత వచ్చి రెండు కాయిళ్లు చుట్టమంది. రెండింటికీ నాలుగు వందల చుట్లే. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. న్యూట్రాన్లు బొంగరాల్లా తిరుగుతాయట. ఆ కాయిళ్లతో వాటిని ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిరిగేలా చేసి లాంథనమ్ అనే లోహపు ముక్క మీదికి వదులుతారు. ముక్క రెండు రకాల్నీ సమానంగా మింగితే ప్రకృతికి కుడీ ఎడమా ఒకటే. తేడా వస్తే కాదన్నట్టు. కుడి కాయిల్ ఆయన చుట్టాడు. ఎడమది నేను చుట్టాను, నాది ఎడమచేతి వాటం.

ముంబైలో రియాక్టర్ దగ్గర కొలిచి వచ్చిన ప్రేమలత మొహం వాడిపోయి ఉంది.

"పాత కొలతల ప్రకారం ఉండాల్సిన తేడా కంటె మాకు ఎక్కువొచ్చిందన్నా. ఒక్క చుట్టు అటు ఇటైనా అయస్కాంతం బలం మారుతది. మా సారుకు కాయిళ్ల మీదనే డౌటు."

ఆయన నా చేతి వంక చూశాడు. "నేను చెప్పలే? ఎడమచేతి పని గంతే. ఇప్పి లెక్కపెడదం. తప్పు దీనిదైతే రేపటి సంది వైండింగ్ ముట్టది."

ఒళ్లు మండిపోయింది నాకు. భయం కూడా వేసింది, దాచుకోను. నాదని చెప్పుకోవడానికి ఆ పని తప్ప ఇంకేముంది? "రెండూ ఇప్పుండ్రి," అన్నాను.

ప్రేమలత తీగ లాగుతూ పైకి లెక్కపెట్టింది. నాది సరిగ్గా నాలుగు వందలు. "నడుమ యాడనో దాటేసినవ్ బిడ్డా," అని ఆయన నసిగాడు. తర్వాత ఆయనది. నాలుగు వందలు అయ్యాక కూడా ఇంకో చుట్టు మిగిలింది.

"అది తప్పుగాదు, కొసరు!" అన్నాడు.

తొర్రూరు మార్కెట్లో మా మామ, అంటే ఈయన నాన్న, వడ్లు కొలిచేవాడు. కొలత అయ్యాక దోసెడు కొసరు వేయనిదే ఆయన చేయి ఆగేది కాదు. ఈయన అదే పద్ధతిలో ప్రతి మోటారుకూ ఒక చుట్టు కొసరు వేస్తున్నాడట! పంపు మోటార్లు ఏమీ అనలేదు. న్యూట్రాన్లు పట్టేశాయి.

"లోకానికంత కొసరిస్తివి," అన్నాను. "ఇరవై ఏండ్ల సంది పక్కన్నే కూసున్న. నాకు ఒక్క మంచిమాట కొసరేసినవా?"

ఆయన కొత్త తీగ చుట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. "రెండూ నువ్వే సుట్టు."

చుట్టాను. ఆయన లెక్కపెట్టకుండానే డబ్బాలో పెట్టి ఇచ్చాడు. నెల తర్వాత ప్రేమలత ఫోన్ చేసింది. "వదినా, తేడా సరిగ్గ ఎంతుండాల్నో అంతే వచ్చింది. ఇగ అది కాయిల్‌ది కాదు, ప్రకృతిదే."

ఫోన్ పెట్టేశాక ఆయన మోటారు మీద వంగి, "మంచిగ సుట్టినవ్," అని గొణిగాడు. నిజంగానే అన్నాడా అని నాకిప్పటికీ అనుమానమే.